పొలంలోని గుండ్లు తీసేసి చదును చేయాలా, ఉంచాలా? ఉంచితే వాటిలోని జీవాల కోసం ఏం చేయాలి?

దేవరకొండ దగ్గర నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. ఐదెకరాల పట్టా చెలక, తూర్పు మూలన 30 గుంటల (ముప్పావు ఎకరం) మేర గుండ్లు, నేల మీద పరుచుకున్న పరుపు బండ. "రాయి మేమే పట్టుకుపోతాం, చదును చేసిస్తాం, మీరు పైసా ఇవ్వక్కర్లేదు" అని ఒక కాంట్రాక్టరు వాళ్ల నాన్నగారికి చెప్పాడట. ఆయన సరే అనేలా ఉన్నారు. ఈ తమ్ముడికేమో ఆ గుండ్ల మధ్య ఉడుము కనబడింది, ముళ్లపంది ముళ్లు దొరికాయి, పొద్దు గూకే వేళ పెద్ద గుడ్లగూబల జంట పై గుండు మీద కూర్చుంటోంది. ఉంచేస్తే వాటి కోసం అక్కడ ఏ చెట్లు నాటాలి, ఏమన్నా కట్టాలా అని అడిగారు.

ముందు జవాబు చెప్తాను. ఉంచండి. లోపల ఏమీ నాటకండి, ఏమీ కట్టకండి, ఒక్క పలక కూడా కదల్చకండి. మీరు చేయాల్సిన పనంతా ఆ గుండ్ల బయటే ఉంది. చుట్టూ ఇరవై ముప్పై అడుగుల మేర పొదలు వదిలేయడం, నిప్పు, ఉచ్చు, ఎలుకల మందు ఆ వైపు రాకుండా చూడటం, కాగితాలు సరిచూసుకోవడం. అంతే.

నేను పాలమూరులో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. ఇరవై రెండేళ్లుగా సెలవు దొరికితే చాలు, కొయిల్‌కొండ నుంచి దేవరకొండ దాకా గుట్టలు, బోడులు (చెట్టులేని చిన్న రాతి గుట్టలు) తిరగడమే నా పని. కాబట్టి కింద చెప్పేది చాలావరకు కళ్లారా చూసింది, కొంత పొరపాటు చేసి నేర్చుకున్నది.

లోపల ఏమీ చేయొద్దని ఎందుకంటున్నానో చెప్తాను. మన గుండ్లు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. భూమి లోపల గట్టిపడిన రాయి, పైన ఉన్న మట్టి, రాయి కొట్టుకుపోయి బరువు తగ్గాక, ఎండకూ వానకూ ఉల్లిపాయలా పొరలు పొరలుగా విడుతుంది. అలా విడిన పలకకూ కింది బండకూ మధ్య ఒక సందు మిగులుతుంది. అరంగుళం ఉండొచ్చు, జానెడు ఉండొచ్చు. చూడటానికి అది ఏమీ కాదు. కానీ గుట్ట మీద బతికే జీవాలకు ఆ సందే ఇల్లు.

మే నెలలో ఒక మధ్యాహ్నం పరుపు బండ మీద అరచేయి ఆనించి చూశాను, రెండు క్షణాలు కూడా నిలవలేదు. పక్కనే ఒక పగులు ఉంది. టార్చి వేసి లోపల ఏమీ లేదని రెండుసార్లు చూసుకుని మోచేతి దాకా చేయి పెట్టాను. కొత్త కుండలో చేయి పెట్టినట్టుంది. అడుగు దూరంలో ఇంత తేడా. బండ తొండ, బండ బల్లి, తేలు, గబ్బిలం, ఉడుము పిల్లలు ఎండాకాలాన్ని దాటేది ఆ చల్లదనంతోనే. (మీరు మాత్రం ఈ పని చేయకండి. చిన్న పింజర పాము సరిగ్గా అలాంటి చోటే చుట్టుకుని పడుకుంటుంది.)

ఇక నా పొరపాటు. పదిహేనేళ్ల కిందట మా కాలేజీ పిల్లలతో కలిసి ఊరి దగ్గరి ఒక బోడు మీద మొక్కలు నాటించాను. బోడిగా ఉంది, పచ్చగా చేద్దాం అన్నది అప్పటి నా ఆలోచన. బండల మధ్య కాస్త మన్ను కనబడిన ప్రతిచోటా గుంత తీసి కానుగ, తురాయి పెట్టాం. మేకలు తినకుండా ప్రతి మొక్క చుట్టూ రాళ్లు పేర్చాం. ఆ రాళ్లు ఎక్కడివి? బండ మీద విడిగా పడి ఉన్న పలకలే. తేలిగ్గా లేస్తాయి, చదునుగా ఉంటాయి, పేర్చడానికి బాగుంటాయి.

ఒక అమ్మాయి ఒక పలక లేపి "సార్, ఇటు చూడండి" అని పిలిచింది. పలక అడుగు వైపున తెల్లటి గుడ్లు, బఠానీ గింజంత, జంటలు జంటలుగా అతికించి ఉన్నాయి. పాత గుడ్ల తెల్లటి మచ్చలు కూడా పక్కపక్కనే ఉన్నాయి. అంటే ఏళ్ల తరబడి బల్లులు అదే పలక కిందికి వచ్చి గుడ్లు పెడుతున్నాయి. మేం ఆ ఒక్క పలకను తిరిగి పెట్టేశాం. అప్పటికే వందకు పైగా పలకలు లేపి ఉన్నాం. వాటి అడుగున ఏముందో ఎవరూ చూడలేదు.

ఆ మొక్కల్లో ఒక్కటీ మొదటి ఎండాకాలం దాటలేదు. పలకలు ఇప్పటికీ ఆ ఎండిన గుంతల చుట్టూ అలాగే ఉన్నాయి. తర్వాత కొన్నింటిని వెనక్కి పెట్టి చూశాం. ఏ పలక ఏ వంపు మీద కూర్చునేదో మనకు తెలియదు. పెట్టినా ఊగుతుంది, సందు సరిపోదు, గాలి ఆడి ఎండ సోకుతుంది. నరికిన చెట్టు మొలకెత్తవచ్చు. ఊడిన పలక మళ్లీ అతకదు, కొత్త పలక ఊడాలంటే మన తరాలు చాలవు. అందుకే ఎవరడిగినా ముందు పలకల గురించే చెప్తాను. పెద్ద గుండ్లను మెషిన్ లేకుండా ఎవరూ కదల్చలేరు. చిన్న పలకలు గట్టుకనో, దడికనో, ఇంటి ముందు పరచడానికనో, ఒకటొకటిగా మాయమవుతాయి.

"మరి చెట్లు వద్దా?" అంటే, రాయి అంచున ఏం పెరగాలో అది తనంతట తానే పెరుగుతుంది. తెల్లటి ఒంటితో తపసి చెట్టు, పగుళ్లలో వేరు దించే కొండరావి, బొంతజెముడు, బలుసు, పరికి, రేగు, సీతాఫలం. కొండరావి పండు తిన్న పిట్టే ఇంకో పగులులో ఆ గింజ వేస్తుంది. సుబాబుల్, తురాయి లాంటివి తెచ్చి పెట్టకండి, విత్తన బంతులు విసరకండి. బండ మీద బూడిద రంగు, నారింజ రంగు మచ్చల్లా కనబడేవి మరకలు కావు, లైకెన్లు, అంటే నాచు, శిలీంధ్రం కలిసి బతికే జీవాలు. బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే. అవి ఏడాదికి మిల్లీమీటరు లెక్కన, కొన్ని అంతకన్నా నెమ్మదిగా పెరుగుతాయి. సున్నం వేయడం, పేర్లు రాయడం, గుర్తులు గీయించడం చేస్తే అవి పోతాయి.

మీ గుడ్లగూబల గురించి. మీరు చెప్పిన దాన్ని బట్టి అవి తల మీద కొమ్ముల్లా ఈకలుండే పెద్ద రకం. ఈ జాతి గూడు కట్టదు. నవంబరు నుంచి ఏప్రిల్ లోపు, ముందుకు చొచ్చుకొచ్చిన గుండు కింద వట్టి నేల మీదే గుడ్లు పెడుతుంది. ఆ నెలల్లో గుండ్ల మీదికి ఎవరూ ఎక్కకుండా చూస్తే చాలు. మనిషి మాటిమాటికీ వస్తుంటే తల్లి లేచిపోతుంది, అంతలో ఎండో కాకో పని ముగించేస్తుంది.

ఒక పని చేయండి. అవి కూర్చునే గుండు కింద వెతికితే బొటనవేలంత బూడిద రంగు ముద్దలు దొరుకుతాయి. రెట్ట కాదు, అరగని ఎముకలు, వెంట్రుకలు ముద్దగా కట్టి నోటితో వెళ్లగక్కినవి. ఒక ముద్దను నీళ్లలో నానబెట్టి పుల్లతో విప్పి నాన్నగారి ముందు పెట్టండి. నేను ఒకసారి వేరుశనగ రైతు ఇంటి అరుగు మీదే ఇలా విప్పాను. మూడు ఎలుకల కింది దవడలు, ముందు పళ్లు ఇంకా నారింజ రంగులోనే ఉన్నాయి, ఒక పురుగు రెక్క పెంకు. ఆయన ఆ దవడల్ని అరచేతిలో వేసుకుని చాలాసేపు చూశాడు. ఎలుకల మందు పొలం ఆ మూల పెట్టడం అప్పటి నుంచి మానేశాడు. మందు తిన్న ఎలుక వెంటనే చావదు, మత్తుగా తిరుగుతుంది. గుడ్లగూబకు దొరికేది ముందుగా అదే, ఆ మందు దాని కడుపులోకీ పోతుంది. గుడ్లగూబ ఉన్న చోట ఎలుకల మందు పెట్టకండి, బోను పెట్టండి.

చుట్టూ వదలమన్న పొదల పట్టీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది గుండ్లు ఉంచి అంచు దాకా దున్నేస్తారు. అలా చేస్తే గుండ్లు సముద్రంలో దీవిలా మిగులుతాయి. ఉడుము బండలో పడుకుంటుంది, మేత కోసం మాత్రం కింద పొదల్లోకి దిగుతుంది. ముళ్లపందీ అంతే, కుందేలూ అంతే. బండకూ పొలానికీ మధ్య ఆ మరుగు ఉంటే అవి అక్కడే సర్దుకుంటాయి. పైగా ఆ మరుగులో దొరికే గడ్డలు, వేర్లు ముళ్లపంది తింటే మీ చేలోకి దిగడం కొంతైనా తగ్గుతుంది. సీతాఫలం ఎలాగూ అక్కడే వస్తుంది. మన పాలమూరు బాలానగర్ పేరుతోనే ఒక రకం దేశమంతా సాగులో ఉంది. పండ్లు కోసుకోండి, అమ్ముకోండి, చెట్టున కొన్ని వదలండి.

ఆ పట్టీకి నిప్పు పెట్టకండి. కొత్త గడ్డి వస్తుందని ఫిబ్రవరి, మార్చిలో గుట్టకు నిప్పంటించడం మన దగ్గర అలవాటు. పైన ఉన్న గడ్డి పది నిమిషాల్లో కాలిపోతుంది, కానీ పొగ పగుళ్లలోకి పోయి అక్కడే నిలుస్తుంది. బయటికి వస్తే మంట, లోపల ఉంటే పొగ. కాలిన మర్నాడు ఒక బోడు మీద నడిచాను. పగుళ్ల నోటి దగ్గర తొండలు బయటికి తల పెట్టినవి పెట్టినట్టే చచ్చిపడి ఉన్నాయి. జనవరిలోనే పట్టీ బయటి అంచున నాలుగు సాళ్లు దున్ని మన్ను తేల్చి పెట్టండి, పక్క పొలం నిప్పు ఆగుతుంది. కొండతేనె కోసం పొగ పెట్టేవాళ్లకూ వద్దని చెప్పండి. ఆ పట్టు కిందే గబ్బిలాలు వేలాడే సందులు ఉంటాయి.

బండ మీద గుంతల్లో నీళ్లు నిలిచే దొనలు ఉన్నాయా? మీరు రాయలేదు గానీ 30 గుంటల బండలో ఒకటైనా ఉంటుంది. వానాకాలంలో నిండి చలికాలంలో ఎండేది కూడా లెక్కే. అందులో కప్ప పిల్లలు పెరుగుతాయి, కౌజులు, నెమళ్లు తాగుతాయి. ఎండిపోతుందని లోతు చేయకండి, సిమెంటు పూయకండి, చేపలు వేయకండి. అన్నిటికన్నా ముఖ్యం, పత్తికి మందు కొట్టిన ట్యాంకు ఆ దొనలో కడగకండి. నీళ్లు దగ్గరగా ఉన్నాయని కూలీలు అదే పని చేస్తారు. ఒక్కసారి కడిగితే ఆ ఏటికి ఆ దొన పనికిరాదు. ట్యాంకు కడగడానికి ఒక డ్రమ్ము నీళ్లు గట్టు దగ్గర వేరే పెట్టించండి.

పాముల సంగతి దాచను. గుండ్లలో నాగుపాము, రక్తపింజర, చిన్న పింజర ఉంటాయి. అవి గుండ్లు తీసేసినా పోవు, గట్ల మీదికీ పశువుల కొట్టంలోకీ చేరతాయి. రాత్రి నీళ్లు కట్టడానికి పోతే టార్చి, బూట్లు తప్పనిసరి. రాళ్ల సందులో వట్టి చేయి పెట్టొద్దని ఇంట్లో పిల్లలకు గట్టిగా చెప్పండి. కాటు పడితే మంత్రం, నాటుమందు అని ఒక్క నిమిషం కూడా పోగొట్టకండి, నేరుగా విరుగుడు ఇంజెక్షన్ ఉండే ప్రభుత్వాసుపత్రికి. ఎలుగుబంటి అడుగులు గానీ, చిరుత అడుగులు గానీ కనబడితే మాత్రం సంగతి వేరు. చీకటితో ఆ వైపు వెళ్లకండి, మేకల్ని ఆ మూల కట్టేయకండి, ఫారెస్టు వాళ్లకు చెప్పండి. చిరుత పశువును చంపితే నష్టపరిహారం ఉంటుంది, కళేబరాన్ని కదల్చకుండా ఫొటో తీసి వెంటనే కబురు చేయాలి. కోపంతో దాంట్లో మందు కలపడం నేరం, పైగా అది తిన్న ఊరకుక్క నుంచి కాకి దాకా అన్నీ చస్తాయి.

నాన్నగారికి చెప్పాల్సిన లెక్క. ఆయన 30 గుంటల సాగు భూమి వస్తుందనుకుంటున్నారు. నాకు తెలిసిన ఒక రైతు ఇలాగే ఎకరం తీయించాడు. పైన గుండ్లు పోయాయి, కింద పరుపు బండ ఉండనే ఉంది. దాన్ని పేలిస్తే గుంతలు పడ్డాయి, గుంతల్లోకి చెరువు మన్ను ట్రాక్టర్లతో రెండేళ్లు తోలించాడు. జొన్న వేస్తే మోకాలెత్తుకు రాగానే వాడిపోయింది, అడుగు లోతులో రాయి ఉంటే వేరు ఎక్కడికి పోతుంది? ఆ ఎకరం ఇప్పుడు బీడు. ఇంకో నష్టం ఆయనకు తర్వాత తెలిసింది. బండ మీద పడిన వాన ఇంకదు, జారి అంచున ఉన్న చెలకలోకి దిగుతుంది. బోడు కింది సాళ్లలో కంది చివరి దాకా పచ్చగా ఉండేది ఆ తడితోనే. మన పెద్దలు గుట్ట దిగువనే కుంటలు ఎందుకు కట్టారో చూడండి. మీ తూర్పు మూల కింద నీరు జారే చోట ఒక ఫారం పాండ్ తవ్వించుకుంటే, ఆ 30 గుంటల బండ మీ మిగతా పొలానికి నీళ్లు పట్టి ఇచ్చే పళ్లెం అవుతుంది. బండ మీద కాదు, కింద మట్టిలో తవ్వండి.

"ఉచితం" అన్న మాట కూడా ఆలోచించమనండి. కాంట్రాక్టరు ఆ రాయిని కంకర కొట్టే క్రషర్‌కు అమ్ముకుంటాడు. మీ పట్టా భూమే అయినా రాయి తీసి అమ్మాలంటే గనుల శాఖ అనుమతి ఉండాలి, సీనరేజి (తీసిన రాయికి ప్రభుత్వానికి కట్టే రుసుము) కట్టాలి. పేలుడు పదార్థాలకు వేరే లైసెన్సు. ఆ కాగితాలు చూపించమనండి. అవి లేకుండా పని జరిగితే నోటీసు వచ్చేది భూమి యజమాని పేరు మీద కూడా. మీది ప్రభుత్వం పంచి ఇచ్చిన (అసైన్డ్) భూమి అయితే ఇంకా జాగ్రత్త. పాస్ బుక్కులో, పహాణీలో ఆ 30 గుంటలు ఏమని ఉందో ముందు చూసుకోండి. చాలాచోట్ల గుండ్లున్న మూల పక్క సర్వే నంబరు ప్రభుత్వ భూమిలోకి పోయి ఉంటుంది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఉలి, సమ్మెటతో గడప రాళ్లు, రోళ్లు కొట్టుకుని బతికే వడ్డెర కుటుంబాల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. తరాలుగా వాళ్లు కొట్టింది లెక్కేస్తే ఒక క్రషర్ ఏడాదిలో మింగే దానికి సరిరాదు. ఏ గుండు కింద ఏం ఉంటుందో నాకు మొదట చూపించింది కూడా ఒక వడ్డెర పెద్దాయనే.

చట్టం వైపు నుంచి, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉడుము, కొండచిలువ, అలుగు, ఎలుగుబంటి, చిరుత, నెమలి అన్నీ మొదటి షెడ్యూలులోనే ఉన్నాయి. వాటిని చంపినా పట్టినా 3 నుంచి 7 ఏళ్ల జైలు. మాంసానికి, నూనెకు ఉడుము కోసం బండల్లో పొగ పెట్టేవాళ్లు వస్తే ఈ ఒక్క ముక్క చెప్పండి, చాలామంది అక్కడి నుంచే వెనక్కి పోతారు. పందుల కోసం పెట్టే వైరు ఉచ్చులు కూడా అంతే ప్రమాదం, పంది కోసం పెట్టిన దాంట్లో చిరుత పడుతుంది. వారానికోసారి పట్టీ చుట్టూ నడిచి కనబడిన ఉచ్చులు పీకేయండి.

మీ పొలం ఒక్కటే కాక ఊరి గుట్టను కూడా నిలపాలనుకుంటే క్వారీ లీజు రాకముందే కదలాలి. నేను ఒక ఊళ్లో ఓడిపోయాను, ఒక ఊళ్లో గెలిచాను. ఓడిన చోట మేం వెళ్లేసరికి తహసీల్దార్ ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం), కాలుష్య నియంత్రణ మండలి అనుమతి అన్నీ అయిపోయి రాయికి రంధ్రాలు వేసే కంప్రెసర్ దిగింది. ఆ గుట్ట మీద పిల్లలు తరతరాలుగా జారి జారి అద్దంలా నునుపెక్కిన జారుడు బండ ఉండేది. మూడు నెలల్లో కంకర అయింది.

గెలిచిన చోట ఏం చేశామంటే, ఏడాది ముందే గుట్ట మీద ఏ నెలలో ఏం కనబడిందో తేదీలతో ఫొటోలు పెట్టుకున్నాం. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకి జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ఊళ్లోని జీవాలు, మొక్కల వివరాలు రాసే ఒక ప్రజా రిజిస్టరు ఉండాలి. కాగితం మీదే ఉన్న ఆ కమిటీని కూర్చోబెట్టి, ఆ జాబితాను రిజిస్టరులోకి ఎక్కించాం. గొర్రెల కాపరులు, తునికాకు ఏరే ఆడవాళ్లు చెప్పిన పేర్లు కూడా రాశాం. తర్వాత గ్రామసభలో తీర్మానం, దాని నకళ్లు తహసీల్దారుకు, గనుల శాఖకు, ఫారెస్టు వాళ్లకు, అందిన రసీదులతో సహా. క్వారీ దరఖాస్తు వచ్చినప్పుడు ఫైల్లో ఆ కాగితాలు ముందే కూర్చుని ఉన్నాయి. అదే చట్టం 37వ సెక్షన్ కింద జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించమని కూడా అడగవచ్చు. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువుకు 2016లో ఆ హోదా వచ్చింది. గుట్టకు ఎందుకు అడగకూడదు? గుట్ట మీద గుడి ఉంటే పూజారినీ, జాతర కమిటీనీ మొదటి రోజే కలుపుకోండి. స్వామి గుట్ట అంటే ఊరంతా వస్తుంది. బదులుగా వాళ్లను అడగాల్సింది ఒక్కటే, మెట్లు, లైట్లు ఒక వైపే ఉంచి మిగతా మూడు వైపులా చీకటిగా వదలమని.

చివరగా, మీరు గుడ్లగూబల ఫొటో పెడతానన్నారు. పెట్టండి, కానీ ఊరి పేరు, లొకేషన్ తీసేసి పెట్టండి. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫొటోలోనే అది ఉంటుంది, ఆఫ్ చేసి తీయండి. క్షుద్రపూజల కోసం గుడ్లగూబల్ని పట్టి అమ్మేవాళ్లు ఉన్నారు, దీపావళి దగ్గరికొచ్చే కొద్దీ వాళ్ల తిరుగుడు ఎక్కువవుతుంది. ఆ పది పదిహేను రోజులు సాయంత్రం పూట మీరో, నాన్నగారో ఆ గట్టు మీద కాసేపు కూర్చోండి.